ఆగిన ప్రతి రోజుకూ అద్దె
ఓడలు, రేవులు, కిరాయిలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా పలాస, టెక్కలి, గరివిడి వైపు నుంచే వచ్చాయి. వాటిలో సగం డిటెన్షన్ బిల్లు గురించే, అంటే కంటైనర్ పెట్టెను గడువు దాటి ఉంచుకున్నందుకు ఓడ కంపెనీ వేసే అద్దె గురించే. అందుకే దానితోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: టాంజానియా నుంచి పది కంటైనర్ల జీడిపిక్కలు తెప్పించాం. సరుకు విశాఖలో దిగింది కానీ బ్యాంకు నుంచి కాగితాలు రావడం ఆలస్యమైంది. ఇప్పుడు లైన్ (ఓడ కంపెనీ) వాళ్లు డిటెన్షన్ అంటున్నారు, టెర్మినల్ వాళ్లు గ్రౌండ్ రెంట్ అంటున్నారు. ఒక్క పెట్టెకు ఇద్దరికి ఎందుకు కట్టాలి? దీన్ని తప్పించుకునే దారి ఉందా?
– జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని, పలాస

జవాబు: పెట్టె ఒకటే, మీరు వాడుకుంటున్నవి రెండు. పెట్టె లైన్‌ది, అది నిలబడ్డ నేల టెర్మినల్‌ది. గ్రౌండ్ రెంట్ కంటైనర్ గేటు దాటిన రోజుతో ఆగుతుంది. డిటెన్షన్ అక్కడితో ఆగదు. మీరు పలాసలో పిక్కలు దింపుకుని, ఖాళీ పెట్టెను లైన్ చెప్పిన యార్డులో అప్పగించి రసీదు తీసుకునేదాకా నడుస్తూనే ఉంటుంది. సరుకు ఫ్యాక్టరీకి వచ్చేసింది కదా అని ఖాళీ పెట్టెను ఆవరణలో నాలుగు రోజులు ఉంచేవాళ్లు చాలామంది. ఆ నాలుగు రోజులూ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఎంతవుతుందో ఒక నమూనా లెక్క చూడండి. రేటు మాత్రం మీ లైన్ టారిఫ్‌లో చూసుకోవాలి. 40 అడుగుల పెట్టె, 14 ఫ్రీ డేస్ (అద్దె పడని రోజులు), 24వ రోజున అప్పగించారు, రోజుకు 60 డాలర్లు అనుకుందాం. పెట్టెకు 600, పదింటికి 6,000 డాలర్లు. పెట్టెలో 25 టన్నులుంటే 80 కిలోల బస్తాలు 312. అంటే బస్తాకు 1.92 డాలర్లు. ఉద్దానంలో బస్తాకు వంద రూపాయల తేడా కోసం రైతుతో గంటసేపు బేరమాడే వ్యాపారి ఇక్కడ అంతకంటే ఎక్కువ మాట్లాడకుండా వదిలేస్తున్నాడు. పైగా చాలా లైన్ల టారిఫ్‌లో రోజులు గడిచేకొద్దీ రేటే పెరుగుతుంది. మొదటి వారం ఒక రేటు, తర్వాత దానికి ఒకటిన్నర రెట్లో రెండింతలో.

తప్పించుకునే దారి ఉంది, కానీ అది విశాఖలో మొదలుకాదు, సరుకు కొన్న రోజే మొదలవుతుంది. ఓడ కిరాయి అమ్మేవాడే కడుతున్నప్పుడు లైన్‌తో మాట్లాడేది కూడా అతనే. కాబట్టి "గమ్యంలో 21 రోజులు ఫ్రీ, ఆ మాట బీఎల్ మీద ఉండాలి" అని కొనుగోలు ఒప్పందంలోనే రాయించండి. బీఎల్ అంటే బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు అందుకున్నట్టు ఓడవాళ్లు ఇచ్చే, సరుకు విడిపించుకోవడానికి చూపాల్సిన పత్రం. ఓడ వచ్చాక లైన్ ఆఫీసు చుట్టూ తిరిగితే దక్కేది మహా అయితే కొంత తగ్గింపు.

తర్వాత కాగితాలు. అసలు ప్రతులు బ్యాంకులో పడకముందే నకళ్లు మెయిల్‌లో తెప్పించుకుని, బీఎల్‌నూ ఫైటోశానిటరీ (తెగుళ్లు లేవనే) సర్టిఫికెట్‌నూ ఫ్యుమిగేషన్ (పురుగుమందు పొగ పట్టించారనే) సర్టిఫికెట్‌నూ బరువుల చీటీనీ పక్కపక్కన పెట్టి చదవండి. కంటైనర్ నంబరంటే నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక సరిచూపు అంకె. అందులో ఒక్క అంకె తారుమారైనా ఓడవాళ్లు కస్టమ్స్‌కు ఇచ్చిన జాబితాతో మీ బీఎల్ కలవదు. ఆ సవరణ పూర్తయ్యేసరికి మీ ఫ్రీ డేస్‌లో మూడు నాలుగు హరించుకుపోతాయి. అమ్మేవాడు పాతకాపు, నమ్మకస్తుడు అయితే బీఎల్ అక్కడే సరెండర్ చేయించి టెలెక్స్ రిలీజ్ మీద, అంటే అసలు ప్రతి ఇక్కడ చూపకుండానే లైన్ పంపే సందేశం మీద, సరుకు తీసుకోవచ్చు. కాగితాలు బ్యాంకులోనే ఇరుక్కుంటే, బ్యాంకు చేత లైన్‌కు డెలివరీ గ్యారంటీ ఇప్పించి సరుకు విడిపించుకోవచ్చు. దానికి కమిషన్ పడుతుంది, కానీ పది పెట్టెల డిటెన్షన్‌తో పోల్చి చూసుకోండి.

బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి ప్రకటన, ఓడ వచ్చే ముందు రోజు ముగిసేలోగా దాఖలు కావాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకు 10,000. సుంకం కట్టడం ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు నమూనా తీసి విడుదల ఉత్తర్వు ఇవ్వాలి కాబట్టి, ఆ దరఖాస్తు కూడా అదే రోజు వేయమని మీ సీహెచ్‌ఏకు (కస్టమ్స్ ఏజెంటుకు) చెప్పండి. ఒకటయ్యాక ఇంకొకటి అనుకుంటే వారం పోతుంది.

చివరిది మీ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఉంది. రోజుకు రెండు పెట్టెలు దింపగల హమాలీలున్న చోటుకు పది పెట్టెలు ఒకేసారి తెస్తే, ఎనిమిది ట్రైలర్లు బయటే నిలబడతాయి. డిటెన్షన్‌కు ట్రైలర్ హాల్టింగ్ తోడవుతుంది. అలాంటప్పుడు సగం పెట్టెలను విశాఖ సీఎఫ్‌ఎస్‌లోనే (రేవు దగ్గర కంటైనర్లు నింపే, దింపే గోదాములోనే) దింపించి, బస్తాలను లారీల్లో తెచ్చుకోవడం మేలు. అక్కడ దింపుడు కూలి అదనం, కానీ పెట్టె ఒకటి రెండు రోజుల్లో లైన్‌కు తిరిగిపోతుంది, ఖాళీ పెట్టెను రెండొందల కిలోమీటర్లు వెనక్కు మోసే ఖర్చూ తప్పుతుంది. ఖాళీ అప్పగించేటప్పుడు నేల ఊడ్పించండి. జీడి నూనె మరక కనబడితే కడుగుడు ఖర్చు మీ ఖాతాలోనే రాస్తారు.

ప్రశ్న: మాకు వచ్చిన ఒక పెట్టెలో పై వరస బస్తాలు, తలుపు దగ్గరివి తడిసి బూజు పట్టాయి. పెట్టెకు చిల్లు లేదు. నీళ్లు ఎక్కడివి? నష్టం ఎవరిని అడగాలి?
– జీడిపిక్కల దిగుమతిదారు, కాశీబుగ్గ

జవాబు: నీళ్లు మీ పిక్కల్లోవే. తొమ్మిది శాతం తేమతో 25 టన్నులు నింపితే లోపల 2,250 కిలోల నీరు ఉన్నట్టు. పగలు ఇనుప పెట్టె వేడెక్కి తేమ గాలిలోకి లేస్తుంది, రాత్రి చల్లబడ్డ పైకప్పుకు చెమ్మగా పట్టి బొట్లుబొట్లుగా కారుతుంది. ఓడవాళ్లు దీన్ని కంటైనర్ రెయిన్ అంటారు. పై వరస, తలుపు పక్క, గోడను ఆనుకున్న బస్తాలే తడిశాయంటే అనుమానం అక్కర్లేదు.

అయినా చిల్లు లేదని రూఢి చేసుకోండి. పెట్టె ఖాళీ అయ్యాక ఒక మనిషి లోపలికి వెళ్లి, బయట నుంచి తలుపు మూయించి, పట్టపగలు వెలుతురు ఎక్కడైనా పడుతుందేమో చూడాలి. సర్వేయరు తడి గోనె మీద సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తాడు. పాలలా తెల్లగా మారితే ఉప్పునీరు, అంటే సముద్రపు నీరు లోపలికి వచ్చింది, అప్పుడు లైన్ మీద గట్టిగా అడగొచ్చు. మారకపోతే మంచినీరు, అంటే చెమ్మ. ఆ నష్టాన్ని "సరుకు స్వభావం వల్ల వచ్చింది" అని బీమా కంపెనీ తోసిపుచ్చడానికి చూస్తుంది. పాలసీ తీసుకునేటప్పుడే చెమ్మ నష్టానికి కవరేజీ ఉందో లేదో అడిగి రాయించుకోవాలి.

అడగడానికి గడువుంది. బయటికి కనబడని నష్టమైతే సరుకు అందిన మూడు రోజుల్లో లైన్‌కు రాతపూర్వకంగా తెలపాలి, దావా ఏడాదిలోపు వేయాలి. బీఎల్ షరతులు సాధారణంగా ఇలాగే ఉంటాయి. సీలు నంబరు కనబడేలా ఒకటి, తలుపు తెరవగానే ఒకటి, సగం దింపాక ఒకటి ఫొటోలు తీసుకోండి. అంతా దింపేశాక తీసిన ఫొటోకు విలువ లేదు.

కోత పరీక్ష తడి బస్తాలకూ పొడి బస్తాలకూ వేరువేరుగా చేయించండి. కిలో పిక్కలు కోస్తే 270 గ్రాముల మంచి పప్పు వచ్చిందనుకోండి. పౌండుకు 453.6 గ్రాములు కనుక, 270ని 80తో గుణించి 453.6తో భాగిస్తే 47.6. అంటే 80 కిలోల బస్తాకు 47.6 పౌండ్ల పప్పు. తడి బస్తాలో 240 గ్రాములే వస్తే 42.3. ఐదు పౌండ్లకు పైగా పోయింది. అమ్మేవాడితో బేరం ఈ అంకె మీదే నడుస్తుంది, కాబట్టి రెండూ కలిపి సగటు రాయించుకుంటే నష్టపోయేది మీరే.

వచ్చేసారి నింపేచోటే గోడలకూ పైకప్పుకూ క్రాఫ్ట్ పేపర్ వేయించండి, తేమ పీల్చే సంచులు పైన వేలాడదీయించండి, పెట్టె చెక్క నేల తడిగా ఉంటే వద్దనమనండి.

ప్రశ్న: మా గ్రానైట్ 20 అడుగుల పెట్టెలో మూడో వంతు కూడా నిండదు, అప్పుడే చాలంటారు. పక్కూరి జీడిపప్పు పెట్టె పైదాకా నిండుతుంది. కిరాయి మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇదేం న్యాయం?
– గ్రానైట్ ఎగుమతిదారు, టెక్కలి

జవాబు: ఓడలో అమ్మేది రెండు: చోటు, బరువు మోసే శక్తి. మీరు రెండోది ముందు అయిపోగొడతారు, జీడిపప్పువాళ్లు మొదటిది. 20 అడుగుల పెట్టె లోపల 5.9 మీటర్ల పొడవు, 2.35 వెడల్పు, 2.39 ఎత్తు, దాదాపు 33 ఘనపు మీటర్లు. గ్రానైట్ ఘనపు మీటరు 2.7 టన్నులు, నిండా నింపితే 89 టన్నులు. పెట్టె మొత్తం బరువు 30,480 కిలోలు మించకూడదు. ఖాళీ పెట్టె బరువు తీసేస్తే మీకు మిగిలేది 28 టన్నుల చిల్లర, అంటే 10.4 ఘనపు మీటర్లు. జీడిపప్పు 22.68 కిలోల డబ్బాలు 700 పట్టి పెట్టె నిండితే బరువు 15,876 కిలోలే. టన్నుకు లెక్కేస్తే కిరాయి వాళ్లకే ఎక్కువ పడుతోంది, మీకు కాదు.

మీకు అసలు ఇబ్బంది అమెరికా రోడ్లతో. అక్కడ లారీ, ఛాసిస్, పెట్టె, సరుకు అన్నీ కలిపి 80,000 పౌండ్లు, అంటే 36.3 టన్నులు దాటకూడదు. దాంతో సరుకు 20 టన్నుల దగ్గరే ఆపాల్సి వస్తుంది. చెక్క ఫ్రేములకు 500 కిలోలు తీసేస్తే 19.5 టన్నులు. రెండు సెంటీమీటర్ల పలక చదరపు మీటరుకు 54 కిలోలు, కాబట్టి 360 చదరపు మీటర్లు పడతాయి. మూడు సెంటీమీటర్లదైతే 240. ఆర్డరు తీసుకునేటప్పుడు మూడు సెంటీమీటర్ల పలకకు చదరపు మీటరుకు ఓడ కిరాయి ఒకటిన్నర రెట్లు పడుతుందని గుర్తుపెట్టుకుని ధర చెప్పాలి. టెక్కలిలో ఇది మరచి రేటు ఇచ్చేసిన కొత్తవాళ్లకు లాభమంతా కిరాయికే పోతుంది.

దిమ్మల విషయం వేరు. కొనేవాడు అంచులు తీసేసిన నికర కొలతకే డబ్బిస్తాడు, ఓడ మాత్రం మొత్తం బరువుకు తీసుకుంటుంది. 2.8 × 1.7 × 1.6 మీటర్ల దిమ్మ 20 టన్నులు దాటుతుంది. దాన్ని రెండు పొట్టి చెక్కల మీద పెడితే పెట్టె నేల విరుగుతుంది, ఎందుకంటే అక్కడ ఉన్నది 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్. చెక్కలు పెట్టె పొడవునా ఉండాలి, అప్పుడు కింది ఇనుప దూలాలన్నీ బరువు పంచుకుంటాయి. దిమ్మ సరిగ్గా నడిమధ్యన కూర్చోవాలి, నాలుగు వైపులా కట్టుడు చెక్కలు మేకులతో బిగించాలి. చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించినదై ఉండాలి, దాని మీద ఆ ముద్ర కనబడాలి. లేదంటే దిగే రేవులో పెట్టెనే వెనక్కి పంపుతారు.

2016 జులై 1 నుంచి వీజీఎం, అంటే నింపిన పెట్టె తూచిన బరువు, లైన్‌కు గడువులోగా ఇవ్వకపోతే ఓడ ఎక్కించరు. వేబ్రిడ్జి మీద ట్రైలర్‌తో కలిపి తూచినప్పుడు ట్రైలర్ ఖాళీ బరువు ఆర్‌సీలో చూసి తీసేయకండి. అదే ట్రైలర్‌ను ఆ రోజే ఖాళీగా తూచండి. డీజిల్ ట్యాంకు నిండిందా సగమా అన్నదానికే వందల కిలోలు తేడా వస్తుంది.

ప్రశ్న: 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులన్నారు, కిరాయి పెంచేశారు. మా పిక్కలు తూర్పు ఆఫ్రికా నుంచి నేరుగా హిందూ మహాసముద్రం మీదుగా వస్తాయి, సూయెజ్ వైపే రావు. మాకెందుకు పెంచాలి?
– కమీషన్ ఏజెంటు, పలాస

జవాబు: మీ సరుకు అటు వెళ్లకపోయినా మీ ఓడ వెళ్లింది. ఆసియా నుంచి యూరప్‌కు వారానికో ఓడ నడిపే ఒక సర్వీసును తీసుకోండి. పోయి రావడానికి 12 వారాలు పడితే 12 ఓడలు చాలు. సూయెజ్ మానేసి ఆఫ్రికా కొన చుట్టి వెళ్తే ఒక్కో వైపు మూడు వేల నుంచి మూడున్నర వేల నాటికల్ మైళ్లు అదనం, పది నుంచి పధ్నాలుగు రోజులు ఎక్కువ. అదే వారానికో ఓడ నిలబెట్టాలంటే మరో మూడు నాలుగు ఓడలు కావాలి. కొత్త ఓడ కట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది కనుక వాటిని ఆఫ్రికా, బంగాళాఖాతం లాంటి చిన్న దారుల నుంచి లాక్కుంటారు. ఖాళీ పెట్టెలు కూడా సముద్రం మీద ఎక్కువ రోజులుండి ఆలస్యంగా తిరిగొస్తాయి. దార్-ఎస్-సలామ్‌లో పెట్టె దొరకలేదంటే కారణం అదే.

ఓడలు తగ్గినా సరుకు పెరిగినా కిరాయి మెల్లగా కాక ఎగిరి పడుతుంది. విడి సరుకు ఓడల కిరాయిని చూపే బాల్టిక్ డ్రై సూచీ 2008 మేలో 11,793కు వెళ్లి, అదే ఏడాది డిసెంబరుకు 663కు పడిపోయింది. 2016 ఫిబ్రవరిలో 290. కాబట్టి సీజన్ మొత్తానికి ఒకేసారి కొనేవాళ్లు కిరాయిని కూడా సగానికైనా ముందే ఖాయం చేసుకోవాలి. ధర తగ్గుతుందేమోనని అంతా ఆపుకోవడం జూదం.

ప్రశ్న: మాది ఫెర్రో అల్లాయ్స్ యూనిట్. మరో ఇద్దరితో కలిసి మాంగనీసు ఖనిజం ఓడ తెప్పించాం. ఇప్పుడు డెమరేజ్ వాటా అంటూ బిల్లు వచ్చింది. సరిచూసుకోవడం ఎలా?
– అకౌంట్స్ ఉద్యోగి, గరివిడి

జవాబు: డెమరేజ్ అంటే ఒప్పుకున్న సమయం కన్నా ఎక్కువ సేపు ఓడను ఆపినందుకు కట్టే సొమ్ము. ముందు రెండు కాగితాలు తెప్పించండి: చార్టర్ (ఓడ అద్దె) ఒప్పందంలో దింపుడు షరతు ఉన్న పేజీ, ఓడ ఏజెంటు రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్. రెండోదానిలో ఓడ ఎప్పుడొచ్చింది, బెర్త్ (ఓడ ఆగే గట్టు) ఎప్పుడెక్కింది, వాన ఎప్పుడు పడింది, క్రేన్ ఎప్పుడు ఆగింది అన్నీ గంటా నిమిషాలతో ఉంటాయి.

ఓడలో 55,000 టన్నులు, రోజుకు 10,000 దింపాలని ఒప్పందం అనుకుందాం. మీకిచ్చిన సమయం ఐదున్నర రోజులు. ఎనిమిది రోజులు పట్టింది. రెండున్నర రోజుల డెమరేజ్, రోజుకు 15,000 డాలర్ల చొప్పున 37,500. అందులో మీది 12,000 టన్నులైతే వాటా 8,182 డాలర్లు. ఇంత వరకూ కూడికలే, గొడవంతా గడియారం ఎప్పుడు మొదలైందన్న దగ్గర. ఓడ రాగానే కెప్టెన్ "సిద్ధంగా ఉన్నాను" అని నోటీసిస్తాడు. బెర్త్ దొరికినా దొరకకపోయినా నోటీసు చెల్లుతుందని ఒప్పందంలో ఉంటే, లంగరు వేసి సముద్రంలో నిలబడ్డ రోజులు కూడా మీ లెక్కలోకే వస్తాయి. విశాఖ తీరంలో రాత్రిపూట దీపాలతో బారులుగా కనబడే ఓడల్లో కొన్ని ఇలా ఎవరో ఒకరి ఖాతాలో నిలబడ్డవే.

వాన గంటలు తీసేయాలి. కానీ మీ ఐదున్నర రోజులు అయిపోయాక పడ్డ వానకు మినహాయింపు ఉండదు. ఒకసారి డెమరేజ్‌లో పడితే ఇక వానా సెలవులూ అన్నీ లెక్కలోకే. ఓడ క్రేనే పాడైతే ఆ సమయం మీది కాదు, నాలుగు క్రేన్లలో ఒకటి ఆగితే నాలుగో వంతు తీసేయించండి. ముందే దింపేస్తే ఓడవాడు మీకు డిస్పాచ్ ఇస్తాడు, సాధారణంగా డెమరేజ్‌లో సగం. ఆ షరతు ఒప్పందంలో ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి.

ఆలస్యానికి కారణం చాలాసార్లు ఓడ దగ్గర కాక గట్టు మీద ఉంటుంది. మీ 12,000 టన్నులకు మూడు రేకులు (గూడ్సు రైళ్లు) కావాలి. రేకుకు ఇండెంటు (రైల్వేకు అర్జీ) ఓడ వచ్చాక పెడితే సరుకు పోసే ప్లాటు నిండిపోతుంది, ప్లాటు నిండితే టిప్పర్లు ఆగుతాయి, టిప్పర్లు ఆగితే సరుకు తోడే గ్రాబ్ గాలిలో వేలాడుతుంది.

బరువు కూడా ఒకసారి చూడండి. విడి సరుకును కాటా వేయరు, ఓడ నీటిలో ఎంత మునిగిందో ఆరు చోట్ల గుర్తులు చదివి లెక్కగడతారు. ఈ సైజు ఓడ సెంటీమీటరు మునిగితే దాదాపు 57 టన్నులు. అలల మీద ఆడుతున్న గీతను చదివే కన్ను ఒక సెంటీమీటరు తప్పితే మూడు లారీల సరుకు కాగితం మీద మాయమవుతుంది. మీ తరఫు సర్వేయరును పడవలో పంపండి. ఫీజు చిన్నదే.

ప్రశ్న: ఓడ వెనక పేరు కింద పనామా, మోన్రోవియా, మజురో అని ఉంటుంది. ఓడలన్నీ ఆ చిన్న దేశాలవేనా?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: అది ఓడ రిజిస్టరైన రేవు పేరు. మోన్రోవియా లైబీరియాది, మజురో మార్షల్ దీవులది. యజమాని గ్రీసులోనో జపానులోనో ఉంటాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు, పన్ను తక్కువ, ఏ దేశపు సిబ్బందినైనా పెట్టుకోవచ్చు కాబట్టి అక్కడ నమోదు చేస్తారు. టన్నుల లెక్కన ప్రపంచంలో మొదటి మూడు జెండాలు ఈ మూడే.

ప్రశ్న: మూలపేట రేవు వస్తే మా సరుకుకు విశాఖ దాకా వెళ్లే పని తప్పుతుందా? కంటైనర్ కిరాయి తగ్గుతుందా?
– వ్యాపారి, నౌపడా

జవాబు: విడి సరుకుకు మేలు త్వరగా కనబడుతుంది, కంటైనర్‌కు అంత త్వరగా కాదు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన మూలపేట తొలి దశ ప్రణాళిక నాలుగు బెర్తులు, ఏడాదికి దాదాపు 2.35 కోట్ల టన్నులు. బొగ్గు, ఎరువులు, గ్రానైట్ దిమ్మలు ఉంటే ఓడను ఎవరైనా అద్దెకు తీసుకుని అక్కడికే పంపొచ్చు.

కంటైనర్ ఓడ బస్సులాంటిది. ఎక్కేవాళ్లు లేని స్టాపులో ఆగదు. రేవులోకి వచ్చి వెళ్లినందుకు పైలటు, టగ్గులు, పోర్ట్ డ్యూస్, బెర్త్ అద్దె, పోయిన సమయం కలిపి నమూనాకు 30,000 డాలర్లు అనుకోండి. 300 పెట్టెలుంటే పెట్టెకు వంద, 50 ఉంటే ఆరు వందలు. పలాస జీడి, టెక్కలి గ్రానైట్ కలిసినా వారం వారం అన్ని పెట్టెలు, అదీ రానూ పోనూ, దొరకాలి. పిక్కలు వచ్చేది సీజన్లో, గ్రానైట్ పోయేది ఏడాదంతా. ఈ పొంతన కుదరకపోతే ఖాళీ పెట్టెలు విశాఖ నుంచే తెచ్చుకోవాలి. ఇచ్ఛాపురం దాటితే గోపాల్‌పూర్ రేవు కూడా ఇదే సరుకు కోసం చూస్తుంటుంది.

ఇక లోతు. పనామాక్స్ అనే పెద్ద రకం విడి సరుకు ఓడ మునిగే ప్రతి సెంటీమీటరుకు 65 నుంచి 70 టన్నులు మోస్తుంది. ఇసుక మేట వేసి అర మీటరు లోతు తగ్గితే 3,300 టన్నులు వదిలేసి రావాలి, కిరాయి మాత్రం ఓడ మొత్తానికి. అందుకే రేవు కట్టిన ఖర్చు కన్నా ఏటా ఇసుక తోడే ఖర్చు ఎవరిది అన్నది అడగాల్సిన ప్రశ్న.

ప్రశ్న: రేవు గోడ కడితే మా ఊరి ఒడ్డు కోసుకుపోతుందంటున్నారు. నిజమేనా? మేం తెప్పలు ఎక్కడ లాగాలి?
– మత్స్యకారుడు, సంతబొమ్మాళి మండలం

జవాబు: మీ ఊరు గోడకు ఎటువైపు ఉంది అన్నదాన్ని బట్టి. మన తీరంలో మార్చి నుంచి అక్టోబరు దాకా అలలు ఇసుకను ఉత్తరానికి నెడతాయి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొంత వెనక్కు తెస్తాయి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికే ఎక్కువ. సముద్రంలోకి గోడ కడితే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన రావాల్సిన ఇసుక రాక ఒడ్డు తరుగుతుంది. మద్రాసు రేవు కట్టాక దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం కోతకు గురైంది. విశాఖ రేవు ముఖద్వారానికి ఇసుక అడ్డం పడకుండా 1930లలో జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచారు. ఇప్పటికీ అక్కడ ఇసుక గుంట తోడి, ఆ ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోస్తారు.

కాబట్టి మీరు అడగాల్సింది ఇసుక దాటించే ఏర్పాటు. దక్షిణాన పోగైనది తోడి ఉత్తరాన పోయాలి, ఏటా, క్రమం తప్పకుండా. పర్యావరణ అనుమతి ఉన్న ప్రాజెక్టు ఆరు నెలలకోసారి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అందులో తీరరేఖ కొలతల భాగం అడిగి తీసుకోండి. మీ వంతుగా ఊరి గుడి మెట్టు నుంచో, పాత బావి గట్టు నుంచో నీటి అంచు దాకా టేపుతో ఏటా ఒకే నెలలో, పోటు నీళ్లు నిండుగా ఉన్న వేళ కొలిచి పుస్తకంలో రాసుకోండి. కోత మొదలయ్యాక కాదు, ఇప్పుడే. ముందటి కొలత లేకుంటే పరిహారం అడిగినప్పుడు చూపడానికి ఏమీ ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి పది పాసయ్యాడు. ఓడ ఉద్యోగమిప్పిస్తాం, నాలుగు లక్షలు కట్టమని ఒకాయన అంటున్నాడు. కట్టమంటారా?
– ఒక తల్లి, సోంపేట

జవాబు: కట్టకండమ్మా. ఓడ ఉద్యోగానికి సిబ్బందిని పంపే ఏజెంటుకు ఆర్‌పీఎస్‌ఎల్ అనే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. 2016 నిబంధనల ప్రకారం ఆ ఏజెంటు ఉద్యోగం కోసం నావికుడి దగ్గర రూపాయి తీసుకోకూడదు. డబ్బడిగాడంటేనే లెక్క తేలిపోయింది. శిక్షణ సంస్థకు కట్టే ఫీజు వేరు, ఉద్యోగానికి కట్టమనే డబ్బు వేరు. రెండింటినీ కలిపి ఒకే అంకె చెప్తున్నారేమో చూడండి.

సరైన దారిలో ముందు గుర్తింపు ఉన్న వైద్యుడి దగ్గర పరీక్ష, అందులోనూ రంగులు పోల్చగలిగే చూపు. ఎర్రదీపానికీ పచ్చదీపానికీ తేడా తెలియకపోతే డెక్ మీద పనికిరారు, అది ఫీజు కట్టకముందే తెలుసుకోవాలి. తర్వాత కేంద్ర ప్రభుత్వపు డీజీ షిప్పింగ్ ఆమోదించిన సంస్థలో ఆరు నెలల జీపీ రేటింగ్ (సాధారణ నావికుడి) కోర్సు, ఇండోస్ నంబరు (నావికుడి గుర్తింపు సంఖ్య), సీడీసీ (నావికుడి పుస్తకం). సీడీసీ ఉన్నంత మాత్రాన ఉద్యోగం ఉన్నట్టు కాదు. ఓడకు మొత్తం సిబ్బంది ఇరవై, పాతిక మందే, కోర్సు పూర్తిచేసి ఎదురుచూసేవాళ్లు చాలామంది. ఈ ఆత్రం మీదే దళారులు బతుకుతున్నారు. అనుభవం వచ్చిన ఏబీకి (పూర్తిస్థాయి డెక్ నావికుడికి) అంతర్జాతీయ కనీస మూల వేతనం 2025లో నెలకు 673 డాలర్లు ఉండేది. మొదటి ఏడాది శిక్షణార్థికి అంత రాదు.

ఆయన చేరిక పత్రం చూపిస్తే, దాని మీద ఓడ ఐఎంఓ నంబరు, అంటే ఓడకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, ఉందేమో చూడండి. ఏడంకెలు. మొదటి ఆరు అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే, వచ్చిన మొత్తంలో చివరి అంకె, నంబరులోని ఏడో అంకె ఒకటే కావాలి. 2021లో సూయెజ్‌కు అడ్డంగా ఇరుక్కున్న ఎవర్ గివెన్ నంబరు 9811000. 63, 48, 5, 4, 0, 0 కూడితే 120, చివర సున్నా, సరిపోయింది. పది పాసైన మీ అబ్బాయి చేతే చేయించండి. లెక్క తప్పితే అలాంటి ఓడే లేదు. లెక్క కుదిరితే ఆ నంబరుకు ఉన్న ఓడ పేరు, పత్రం మీది పేరు ఒకటో కాదో చూడండి. వీసా టూరిస్టుదైతే మాత్రం మిగతావేవీ చూడనక్కర్లేదు.